ఎవరికి చవక? నగర సూచికలలో హైదరాబాదు

ప్రపంచ నగరాలను వరుసలో నిలబెట్టి ర్యాంకులిచ్చే జాబితాలు ఏటా అరడజనుకు తక్కువ కాకుండా వెలువడుతున్నాయి. జాబితా రాగానే పై మెట్టు మీద నిలిచిన నగరపు పాలకులు ఒక ప్రకటన విడుదల చేస్తారు. పత్రికలు దాన్ని శీర్షికకెక్కిస్తాయి. విదేశాలలో ఉంటున్న మనం ఆ వార్తను ఒకరికొకరం పంపుకుంటాం. హైదరాబాదుకు ఈ జాబితాలలో మంచి పేరే వచ్చింది. మెర్సర్ సంస్థ ప్రకటించే జీవన నాణ్యత జాబితాలో 2015 నుంచి 2019 దాకా వరుసగా ఐదేళ్ళు భారతీయ నగరాలన్నిటిలోకీ హైదరాబాదుదే మొదటి స్థానం. చివరి రెండేళ్ళు మాత్రం పుణెతో కలిసి. అదే సంస్థ 2024లో ఇచ్చిన జీవనవ్యయ జాబితాలో 226 నగరాలకు గాను హైదరాబాదు 202వది. అంటే చాలా చవకైన నగరాలలో ఒకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే వచ్చే అర్థం ఏమిటో చెప్పనక్కరలేదు: దేశంలోకెల్లా మంచి బతుకు, ప్రపంచంలోకెల్లా తక్కువ ఖర్చులో. తిరిగి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తున్నవారికి, అక్కడ ఒక ఫ్లాటు కొని పెట్టుకుందామా అని లెక్కలు వేస్తున్నవారికి ఇంతకంటే భరోసా ఇచ్చే సమాచారం ఉండదు.

ఆ అర్థం సరైనది కాదన్నది ఈ వ్యాసంలోని వాదన. అంకెలు తప్పని కాదు. అవి ఎవరి జీవితాన్ని కొలిచాయో, ఎవరి జేబుతో కొలిచాయో చూడకుండా వాటిని ఒక నగరానికంతటికీ అంటగట్టడం తప్పు.

ముందుగా ఒక చిన్న వైరుధ్యం. 2018లో మెర్సర్ లెక్కన హైదరాబాదు దేశంలో మొదటిది. అదే సంవత్సరం భారత ప్రభుత్వ గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 111 నగరాలను కొలిచి ‘సులభ జీవన సూచిక’ను విడుదల చేసింది. అందులో హైదరాబాదు 27వది. తిరుపతి నాలుగో స్థానంలోనూ విజయవాడ తొమ్మిదో స్థానంలోనూ ఉన్నాయి. 2020 సంవత్సరానికి గాను అదే శాఖ మళ్ళీ లెక్క కట్టినప్పుడు, పది లక్షలకు పైబడిన జనాభా గల 49 నగరాలలో హైదరాబాదుకు 24వ స్థానం దక్కింది. ఒకే ఊరు, ఒకే కాలం. ఒక కొలతలో శిఖరం, మరొక కొలతలో మధ్యస్థం. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పారని అనుకోనక్కరలేదు. ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు.

మెర్సర్ జాబితా పుట్టిన కారణం గుర్తుంటే ఇది తేలికగా బోధపడుతుంది. ఒక బహుళజాతి సంస్థ తన ఉద్యోగిని ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపేటప్పుడు, అక్కడి ఇబ్బందులకు పరిహారంగా జీతం మీద ఎంత భత్యం కలిపి ఇవ్వాలన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పడం కోసం చేసిన సర్వే ఇది. న్యూయార్కును 100 అనుకుని మిగతా నగరాలను దానితో పోల్చుతారు. మొత్తం 39 అంశాలు, పది వర్గాలు: రాజకీయ స్థిరత్వం, వైద్యం, పాఠశాలలు, రవాణా, వినోదం, వినియోగ వస్తువుల లభ్యత, అద్దె ఇళ్ళు, ఇంకా ఇలాంటివి. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ వారి నివాసయోగ్యతా సూచిక కూడా ఈ కుదురు నుంచి వచ్చిందే. దానిలో 80 మార్కులు దాటిన నగరానికి పంపే ఉద్యోగికి అదనపు భత్యం అక్కరలేదని, 50 లేదా అంతకంటే తక్కువ వచ్చిన నగరానికి పంపేవారికి 20 శాతం దాకా ఇవ్వాలని ఒక పట్టిక ఉంటుంది. స్థిరత్వానికి 25 శాతం, సంస్కృతి పర్యావరణాలకు 25 శాతం, వైద్యానికి 20, మౌలిక సదుపాయాలకు 20, విద్యకు 10. ఈ నూరు శాతంలో ఇంటి అద్దె ఎంత, జీతం ఎంత అన్న ప్రశ్నకు చోటు లేదు. ఉండనవసరం కూడా లేదు. అలా వెళ్ళే ఉద్యోగికి సాధారణంగా ఇంటద్దె, పిల్లల ఫీజులు కంపెనీయే భరిస్తుంది. అతనికి కావలసింది మంచి ఇల్లు దొరుకుతుందా లేదా అన్నదే. దాని వెల అతని సమస్య కాదు.

ఆ పని వరకు ఈ సూచికలు నిజాయితీ గలవే. భత్యం లెక్క కట్టడానికి పనికొచ్చే కొలబద్దను ఒక మహానగరంలోని కోటిమంది బతుకులకు కొలబద్దగా వాడుకోవడం మాత్రం మనం చేస్తున్న పని.

వియన్నా ఉదాహరణ దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. 2019 నాటికి మెర్సర్ జాబితాలో వియన్నా వరుసగా పదోసారి ప్రపంచ ప్రథమ స్థానంలో నిలిచింది. హైదరాబాదుతో పోలిస్తే చిన్న ఊరు. జనాభా ఇరవై లక్షలు. దాని ప్రశాంతతకు కారణాలు వెతికితే సరాసరి ఇళ్ళ దగ్గరకు వెళ్తాం. 1919 నుంచి 1934 దాకా అక్కడి సోషల్ డెమోక్రాట్ల నగరపాలన, 1923లో సంపన్నుల ఇళ్ళ మీద హెచ్చు రేటుతో ఒక గృహనిర్మాణ పన్ను వేసి, ఆ డబ్బుతో కార్మికులకు 60 వేలకు పైగా వాటాలు కట్టించింది. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక్కదానిలోనే 1,382 వాటాలున్నాయి. ఈనాటికీ నగరపాలక సంస్థకు దాదాపు 2 లక్షల 20 వేల ఇళ్ళున్నాయి. ఊరిలో నలుగురిలో ఒకరు వాటిలో ఉంటున్నారు. అద్దెల మార్కెట్టు మొత్తాన్నీ ఇది కిందికి లాగి పట్టుకుంటుంది. వియన్నాలో వీధులు శుభ్రంగా, జనం నిమ్మళంగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం నూరేళ్ళ నాటి ఆ పన్ను. కంపెనీ పంపగా వచ్చిన మేనేజరుకు ఆ నిమ్మళం కనిపిస్తుంది, మార్కులు పడతాయి. ఆ నిమ్మళాన్ని తెచ్చిన ఇంటి విధానానికి 39 అంశాలలో తావు లేదు.

భారత ప్రభుత్వం వారి సూచిక ఇంతకంటే మెరుగా? ఉద్దేశం మెరుగే, కనీసం అక్కడి పౌరులనే లెక్కలోకి తీసుకుంది. కాని 2018 నాటి సూచికలోని 78 అంశాలకు ఇచ్చిన బరువులు చూస్తే భౌతిక సదుపాయాలకు 45 శాతం, ఆర్థిక విషయాలకు 5 శాతం. రోడ్డు, పైపు, దీపస్తంభం లెక్కకొచ్చాయి. వాటి పక్కన బతికేవాడి సంపాదన ఇంచుమించు రాలేదు. 2020 నాటి సూచికలో పౌరుల అభిప్రాయ సేకరణకు 30 శాతం బరువిచ్చి కొంత సరిదిద్దారు. అప్పటికీ ఒక నగరానికి ఒకటే అంకె.

ఇంగ్లీషులో ‘ఎఫర్డబిలిటీ’ అని ఒకే మాటలో సరిపెట్టేసేదానికి తెలుగు వాడుకలో మూడు మాటలున్నాయి: చవక, స్తోమత, గిట్టుబాటు. చవకతనం వస్తువుది. స్తోమత కొనేవాడిది. గిట్టుబాటు అమ్మేవాడిది, శ్రమించేవాడిది. ‘టమాటా చవకగా ఉంది’ అని కొన్నవాడు అన్నరోజునే ‘గిట్టుబాటు కావడం లేదు’ అని రైతు అంటాడు. రెండూ ఒకే ధర గురించిన మాటలు. నగరాల జాబితాలన్నీ మొదటి మాట దగ్గరే ఆగిపోతాయి. ఇళ్ళ ధరల సూచికలు రెండో మాట దాకా వస్తాయి. మూడో మాటకు సూచిక లేదు. నా ఉద్దేశంలో హైదరాబాదు వంటి నగరాన్ని అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే అవసరమైనది ఆ మూడోదే.

చవక సంగతి ముందు చూద్దాం. మెర్సర్ వారి జీవనవ్యయ సర్వే రెండువందలకు పైగా వస్తువుల, సేవల ధరలను సేకరించి, న్యూయార్కుతో పోల్చి, డాలర్లలో చెబుతుంది. డాలర్లలో చెప్పడంలోనే ఒక మెలిక ఉంది. 2014 మధ్యలో డాలరుకు 60 రూపాయలు. 2024లో సుమారు 84. అంటే ఈ పదేళ్ళలో రూపాయలలో 40 శాతం పెరిగిన ధర, డాలర్లలో ఒక్క సెంటు కూడా పెరగలేదు. 2014లో 57 లక్షలున్న ఫ్లాటు 2024లో 80 లక్షలయిందనుకుందాం. డాలస్‌లో ఉన్నవారికి అది అప్పుడూ 95 వేల డాలర్లే, ఇప్పుడూ 95 వేల డాలర్లే. కూకట్‌పల్లిలో బడి నడుపుతున్న, లేదా ఆ బడిలో పాఠం చెబుతున్న మనిషికి అది 23 లక్షలు దూరం జరిగింది. ‘హైదరాబాదు ఇంకా చవకే’ అని మనం అనుకునేటప్పుడు, మాట్లాడుతున్నది చాలావరకు రూపాయి బలహీనత.

ఇక సేవల సంగతి. హైదరాబాదులో క్షవరం చేయడానికి ఎంతసేపు పడుతుందో న్యూజెర్సీలోనూ అంతేసేపు పడుతుంది. పనితనంలో పెద్ద తేడా ఏమీ లేదు. ధరలో మాత్రం ఎన్నో రెట్లు తేడా. ఇది ఎందుకు జరుగుతుందో బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ 1964లో విడివిడిగా వివరించారు. ఎగుమతి కాగల వస్తువుల తయారీలో ఉత్పాదకత హెచ్చుగా ఉన్న దేశంలో ఆ రంగపు కూలి రేట్లు పెరుగుతాయి. వాటితోపాటు క్షవరం, వంట, ఇల్లు ఊడవడం వంటి, ఎగుమతికి వీలులేని పనుల కూలి కూడా పెరుగుతుంది. లేని దేశంలో పెరగదు. కనుక పేద దేశాలలో చవకగా దొరికేవి ప్రధానంగా మనుషుల శ్రమతో నడిచే సేవలు. ఐఫోను హైదరాబాదులో చవక కాదు. కారు చవక కాదు. పెట్రోలైతే ఒక సగటు అమెరికన్ నగరంలో కంటే ప్రియం. పనిమనిషి, డ్రైవరు, వంటమనిషి, ఇస్త్రీ బండివాడు, ఇంటికే కూరగాయలు తెచ్చే కుర్రాడు చవక.

తిరిగి వెళ్ళినవారు అక్కడి జీవితం ఎంత సుఖంగా ఉందో చెప్పేటప్పుడు వల్లించే జాబితా దాదాపుగా ఇదే. ఇందులో నింద ఏమీ లేదు. ఇద్దరు చిన్నపిల్లలతో ఆదివారమంతా బట్టలు మడతపెట్టడంలో గడిచే ఇంటి నుంచి చూస్తే ఆ సుఖం నిజమైనదే. కాని ఒక నగరపు జీవన నాణ్యత అని మనం పిలుస్తున్నదానిలో ఎక్కువ భాగం, ఆ నగరంలోనే ఉన్న మరొకరి తక్కువ కూలి అన్నది మరిచిపోవడానికి వీల్లేదు. నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషికి రేపు కూలి రెట్టింపయితే, మెర్సర్ జాబితాలో హైదరాబాదు ‘ఖరీదైన’ నగరాల వైపు కొన్ని మెట్లు ఎక్కుతుంది. పత్రికలు దాన్ని చెడ్డవార్తగా రాస్తాయి. నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్న శ్రామిక కుటుంబాలకు అదే ఆ ఏడాది మంచివార్త అయి ఉంటుంది.

ఇప్పుడు స్తోమత. ఇంటి మీద ఆదాయంలో ఎంత వంతు ఖర్చు పెట్టవచ్చు అన్న ప్రశ్నకు పాత జవాబు ‘నెల అద్దెకు వారం జీతం’ అన్న పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సామెత. 1969లో అమెరికా ప్రభుత్వ గృహాలలో అద్దె ఆదాయంలో 25 శాతం మించరాదని చట్టం చేశారు. 1981లో దాన్ని 30 శాతం చేశారు. ప్రపంచమంతా ఇప్పుడు పాటిస్తున్న ముప్పై శాతం సూత్రానికి మూలం ఏ శాస్త్రమూ కాదు, ఒక బడ్జెట్ సర్దుబాటు. మన దేశంలో నైట్ ఫ్రాంక్ సంస్థ ఇలాంటి నిష్పత్తినే కట్టి, ఒక సగటు కుటుంబపు నెల ఆదాయంలో ఇంటి అప్పు వాయిదా ఎన్నో వంతో చెబుతుంది. 2023 ఆఖరుకు ముంబయిలో అది 51 శాతం, అహ్మదాబాదులో 21, హైదరాబాదులో 30. పెద్ద నగరాలలో ముంబయి తరవాత ఇల్లు అందనిది హైదరాబాదే. విదేశీ ఉద్యోగి లెక్కన అట్టడుగున చవకగా ఉన్న నగరం, స్థానిక సంపాదనతో కొలిస్తే దేశంలో రెండో ప్రియమైన నగరం.

సగటు ఆదాయమన్నది ఎంత సగటో కూడా చూడాలి. పైన అనుకున్న 80 లక్షల ఫ్లాటునే తీసుకుని, 64 లక్షలు అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు వాయిదా దాదాపు 55,500 రూపాయలు. అది ఆదాయంలో 30 శాతం కావాలంటే ఆ ఇంట్లోకి నెలకు లక్షా ఎనభై అయిదు వేలు, ఏడాదికి ఇరవై రెండు లక్షలు రావాలి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరులో ఉంటే వస్తుంది. ప్రైవేటు కాలేజీ లెక్చరరుకు, నర్సుకు, సిటీ బస్సు డ్రైవరుకు రాదు. వాళ్ళు లేకుండా ఆ సాఫ్ట్‌వేరు దంపతుల రోజు గడవదు.

ఈ నిష్పత్తులకు మరొక లోపం ఉంది. అది తెలియాలంటే హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లారులోకి దిగాలి. మధ్యతరగతి అపార్టుమెంటు ఏది చూసినా కార్లు నిలిపే చోట ఒక మూల, మోటారు గది పక్కనో మెట్ల కిందనో, వాచ్‌మన్ కుటుంబం ఉండే ఒక గది కనిపిస్తుంది. భర్త గేటు, నీళ్ళ మోటారు చూసుకుంటాడు. భార్య పై అంతస్తులలో రెండు మూడు ఇళ్ళ పనిచేస్తుంది. పిల్లలు కార్ల మధ్య ఆడుకుంటారు. చాలా చోట్ల ఆ గదికి అద్దె లేదు. అది జీతంలో భాగం. నిష్పత్తి కడితే ఆ కుటుంబానికి ఇంటి ఖర్చు సున్నా శాతం. అంటే ముప్పై శాతం సూత్రం ప్రకారం ఆ భవనమంతటిలోనూ ఇంటి విషయంలో అందరికంటే నిశ్చింతగా ఉన్నవాళ్ళు వాళ్ళే. నాలుగో అంతస్తులో 30 శాతం కడుతున్న దంపతులు వాళ్ళ తరవాతనే.

ఈ వింత ఫలితం రావడానికి కారణం, ఈ సూత్రం ఇంటికి ఎంత పోయిందో అడుగుతుంది గాని ఏమి దొరికిందో, ఏమి మిగిలిందో అడగకపోవడం. అమెరికాలో మైకేల్ స్టోన్ 1993లో ‘షెల్టర్ పావర్టీ’ అన్న పుస్తకంలో ఈ రెండో ప్రశ్నను గట్టిగా వేశాడు. అద్దె కట్టాక మిగిలిన డబ్బుతో తిండి, బట్ట, మందులు, చదువు కనీస స్థాయిలో గడుస్తాయా? గడవకపోతే అద్దె పది శాతమైనా అది భరించలేని ఇల్లే. పెద్ద జీతగాడికి నలభై శాతమైనా భరించదగ్గ ఇల్లే. అమర్త్య సేన్ ఇంతకు ముందే, 1985లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసాలలో, జీవన ప్రమాణాన్ని చేతిలోని వస్తువులతో కాక వాటితో మనిషి ఏమి చేయగలుగుతున్నాడు, ఎలా ఉండగలుగుతున్నాడు అన్నదానితో కొలవాలన్నాడు. సెల్లారు గదికి ఈ ప్రశ్నలు వేస్తే జవాబు ఒక్కసారిగా తలకిందులవుతుంది. ఇంటికి బంధువు వస్తే కూర్చోబెట్టే చోటు లేదు. పదో తరగతి చదివే అమ్మాయికి తలుపు వేసుకునే గది లేదు. ఉద్యోగం పోయిన రోజునే ఇల్లూ పోతుంది. 2020 అక్టోబరు వరదల్లో నీళ్ళు ముందుగా దిగింది సెల్లార్లలోకే. మేస్త్రీ పనికి పాలమూరు నుంచి వచ్చి అడ్డా మీద నిలబడేవారికీ, ఈమధ్య ఒడిశా, బీహారుల నుంచి వచ్చి కట్టుబడి చోటే రేకుల షెడ్లలో ఉంటున్నవారికీ ఇంటి ఖర్చు నిష్పత్తి ఇలాగే ముచ్చటగా కనిపిస్తుంది. వాళ్ళు తమలో తాము వేసుకునే లెక్క వేరు: తిని, ఉండి, ఇంటికి పంపడానికి మిగులుతోందా? అది గిట్టుబాటు లెక్క. గిట్టకపోతే ఊరికి వెళ్ళిపోతారు, లేదా బెంగళూరుకు పోతారు.

హైదరాబాదులో ఇల్లు ముంబయి అంత ప్రియం కాకపోవడానికి కూలి ఒక్కటే కారణం అనడం లేదు. భూగోళం అనుకూలించింది. ముంబయికి మూడువైపులా నీళ్ళు. హైదరాబాదు పీఠభూమి మీద ఎటు పడితే అటు విస్తరించగలదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఆ విస్తరణకు దారి వేసింది. ముంబయి ద్వీపనగరంలో స్థలం మీద 1.33 రెట్లకు మించి కట్టరాదన్న నిబంధన దశాబ్దాల పాటు నడిచింది. హైదరాబాదులో 2006 నాటి నిబంధనలతో అలాంటి పరిమితి పోయింది. రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తయినా కట్టవచ్చు. సరఫరా పెరిగితే ధర అదుపులో ఉంటుందన్న పాఠ్యపుస్తకపు సూత్రానికి హైదరాబాదు చాలాకాలం మంచి ఉదాహరణగా నిలిచింది. నగరాలలో ఇళ్ళ కొరతను ఎలా తీర్చాలి అన్న చర్చలో ఈ ఉదాహరణకు రావలసినంత గుర్తింపు రాలేదనే అనుకుంటాను.

అయితే ఆ సరఫరా ఏ కొలతల ఇళ్ళలోకి వెళ్తోందో భూమి వేలం చెబుతుంది. కోకాపేటలో ప్రభుత్వమే నిర్వహించిన వేలంలో 2021 జులైలో ఎకరం గరిష్ఠంగా 60 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. గజం రెండు లక్షల ఎనిమిది వేలకు పైమాట. ఆ భూమి మీద ఎంత ఎత్తు కట్టినా నర్సుకు ఇల్లు తయారుకాదు. పైగా భూమిని అమ్ముకున్నది ప్రభుత్వం. ఖజానాకు ఎకరం ధర ఎంత పెరిగితే అంత మంచిది. ఒక చేత్తో నగరం చవకైనదని ప్రచారం చేస్తూ రెండో చేత్తో అత్యధిక ధరకు భూమి అమ్మే ఈ ద్వంద్వం ఏ ఒక్క పార్టీకో పరిమితం కాదు. వియన్నా 1923లో సంపన్నుల ఇళ్ళ మీద పన్ను వేసి కార్మికులకు ఇళ్ళు కట్టింది. ఇక్కడ సంక్షేమ పథకాలకు డబ్బు కావాలన్నా భూమి ధర పెరగవలసిందే.

కొనుగోలుదార్లలో మనమూ ఉన్నాం. ప్రవాస భారతీయులు వ్యవసాయభూమి కొనరాదు గాని నివాసగృహాలు ఎన్నయినా కొనవచ్చు. రూపాయి పడిన ప్రతిసారీ ఆ స్తోమత పెరుగుతుంది. నానక్‌రామ్‌గూడలో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టిన బిల్డరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రదర్శన పెట్టడానికి కారణం అదే. ఒక కుటుంబం ఒక ఫ్లాటు కొనుక్కుంటే నగరం మారిపోదు. కాని కొన్నవారికి ఆ ఇల్లు ఉండే చోటు కాదు, దాచుకునే చోటు. ఆ ధోరణిలో నడిచే మార్కెట్టులో బిల్డరు మూడు పడక గదుల పెద్ద ఫ్లాట్లు కట్టడానికే మొగ్గుతాడు. ‘చవకైన నగరం’ అన్న సూచికలు ఆ ప్రదర్శనల కరపత్రాలలో అచ్చవుతాయి. ధరను పెంచే గిరాకీకి ఆ విధంగా ఆ సూచికలే ఆజ్యం పోస్తాయి.

పేదలకు ఇళ్ళు కట్టలేదా అంటే, కట్టారు. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళ సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారుకు ఉచితం. అంత పెద్ద ప్రభుత్వ గృహసముదాయం దేశంలో అరుదు. ఇంటిగా చూస్తే సెల్లారు గదితో పోలికే లేదు. కాని కొల్లూరు ఉన్నది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన, పాత బస్తీలకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో. అంట్లు తోమే ఇళ్ళు, కూరల బండి పెట్టుకునే మూల, అడ్డా, ప్రభుత్వాసుపత్రి, అప్పు పుట్టే కిరాణాకొట్టు అన్నీ వెనకే ఉండిపోయాయి. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇల్లు, ప్రయాణం రెండింటినీ కలిపి 45 శాతం మించకూడదని ఒక కొలత ప్రతిపాదించింది. నగరం అంచున చవక ఇల్లు కొన్నవాడు మిగిల్చిన అద్దెను పెట్రోలుకు ధారపోస్తాడన్నది దాని వెనక ఉన్న గమనిక. కొల్లూరుకు వర్తించే కొలత ఇది. దీనికి భిన్నంగా, 2015లో సికిందరాబాదు బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్ళు తీసేసి అక్కడే, అదే మనుషులకు 396 ఇళ్ళు కట్టి ఇచ్చారు. పని, బడి, ఆసుపత్రి చెదరలేదు. ఆ నమూనా పెద్ద ఎత్తున ముందుకు సాగకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు: ఊరి మధ్యలోని భూమికి వేలంలో వచ్చే ధర.

సూచికలకు కనిపించని మేలు కూడా ఉందని చెప్పకపోతే ఈ విమర్శ ఏకపక్షమవుతుంది. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం. నల్లా ఉన్న బస్తీ ఇంటికి అది నిజమైన ఆదాయం. వేసవిలో ట్యాంకర్ల మీద బతికే పడమటి శివారు అపార్టుమెంట్లకు పెద్దగా కాదు. ఇక్కడ కొలత బోర్లాపడుతుంది: ఎక్కువ ఖరీదు గల ఇల్లు, నీటికి ఎక్కువ కటకట. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో స్త్రీలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు అందులో భాగమే. రెండు బస్సులు మారి పనికి వెళ్ళే మనిషికి పోనూ రానూ మిగిలే డబ్బు నెల తిరిగేసరికి తక్కువేమీ కాదు. అంతకంటే ముఖ్యంగా, బస్సు ఖర్చు గిట్టదని ఇంతకు ముందు వదులుకున్న దూరపు ఇళ్ళలో, ఎక్కువ కూలి ఇచ్చే చోట పని వెతుక్కునే వీలు కలిగింది. ఆ లెక్కన కొల్లూరు ఎంతో కొంత దగ్గరికి జరిగింది. మెర్సర్ వారి ఉద్యోగి సిటీ ఆర్డినరీ ఎక్కడు గనక అతని పట్టికలో ఈ మార్పు విలువ సున్నా. నైట్ ఫ్రాంక్ నిష్పత్తిలోనూ సున్నాయే.

ఆ ప్రయాణాలకు లెక్క లేదనుకోకూడదు. ఉచిత ప్రయాణమైనా కండక్టరు ప్రతి స్త్రీకీ ఒక టికెట్టు ఇస్తాడు; దాన్ని అక్కడ ‘జీరో టికెట్’ అంటారు. ఆ సొమ్మును ప్రభుత్వం నుంచి రాబట్టుకోవాలి గనక ఎక్కిన చోటు, దిగే చోటు, మామూలుగా అయితే పడే చార్జీ టికెట్టు యంత్రంలో నమోదవుతాయి. అంటే హైదరాబాదులో పనికి పోయే స్త్రీలు రోజూ ఎంత దూరం వెళ్తున్నారో, దానికి ఎంత విలువో చెప్పే లెక్క ఆర్టీసీ డిపోలలో ప్రతి రాత్రీ తయారవుతోంది. నగరాలకు ర్యాంకులిచ్చే సంస్థలలో దాన్ని అడిగినవారు ఎవరూ కనబడరు.